సున్న ఎక్కడ ఉంది?

పిల్లలూ!

ఈ నెల మీకు ముందుగా ఒక చిన్న లెక్క. ఒక కుర్రవాడి దగ్గర పాత చెక్క స్కేలు ఉంది. దాని మొదటి కొస విరిగిపోయి, ఇప్పుడది 1 దగ్గర మొదలవుతుంది. కుర్రవాడు ఆ విరిగిన కొసను పెన్సిలు మొదటికి ఆనించి, రెండో చివర ఎక్కడికి వచ్చిందో చూశాడు. 9 అని ఉంది. "పెన్సిలు 9 సెంటీమీటర్లు" అని పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పెన్సిలు నిజంగా ఎంత పొడుగు?

8 అని మీరు అప్పుడే చెప్పేశారు. బాగుంది. మరి ఇంకో ప్రశ్న. అదే స్కేలుతో అతను ఆ రోజు పుస్తకాన్ని, పలకను, పెట్టెను, కిటికీ రెక్కను కూడా కొలిచాడు. మొత్తం ఎన్ని తప్పులు చేశాడు? అయిదు అంటారు మీరు. ఒకటే అంటాను నేను. ఆ ఒక్క తప్పే అయిదు చోట్ల కనిపించింది. మొదలు తప్పితే, ఆ తరువాత ఎంత శ్రద్ధగా కొలిచినా కొలత తప్పుతూనే ఉంటుంది.

ఈ సంగతి నేను బడిలో ఎన్నో ఏళ్ళు పాఠంగా చెప్పాను. కాని చెప్పడం వేరు, తెలియడం వేరు. అది నాకు నిజంగా తెలిసివచ్చింది పోయిన ఏప్రిల్‌లో, బొబ్బిలిలో మా ఇంటి వరండాలో. ఆ కథ చెబుతాను, వినండి.

మా పెద్దబ్బాయి ఒక చిన్న యంత్రం కొని తెచ్చి వరండాలో బల్ల మీద బిగించాడు. దాని పేరు సీఎన్‌సీ రౌటర్. పేరు చూసి బెదరకండి. వడ్రంగి ఉలి పట్టుకుని చెక్క మీద అక్షరాలు చెక్కుతాడు కదా! ఇదీ ఆ పనే చేస్తుంది. ఉలికి బదులు దీనికి గిర్రున తిరిగే ఒక సన్నని ఉక్కు ముక్క ఉంటుంది. దానిని బిట్ అంటారు. బిట్‌ను పట్టుకుని తిప్పే భాగం స్పిండిల్. ఆ స్పిండిల్‌ను కుడి ఎడమలకు ఒక మోటారు, ముందు వెనకలకు ఒక మోటారు, పైకీ కిందికీ ఒక మోటారు నడుపుతాయి. కంప్యూటరు ఆజ్ఞలిస్తుంది, మోటార్లు ఆ ప్రకారం కదులుతాయి. 1952లో అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీని చదువుకుంటూ లోహాన్ని కోసే యంత్రాన్ని ప్రదర్శించారు. ఆ జాతి యంత్రమే ఇవాళ చిన్నదై ఇళ్ళలోకి వచ్చింది.

ఈ యంత్రానికి చేతులున్నాయిగాని కళ్ళు లేవు. అది చెక్కను చూడదు, అడుగులు లెక్కపెడుతుంది. మా యంత్రం లెక్కే తీసుకోండి. మోటారు ఒక చుట్టు తిరగడానికి 200 అడుగులు వేస్తుంది. ఆ ఒక్కొక్క అడుగునూ 16 చిన్న అడుగులుగా విడగొడతారు. అంటే చుట్టుకు 3,200. ఒక చుట్టు తిరిగితే మరసీల స్పిండిల్‌ను 4 మిల్లీమీటర్లు దించుతుంది. అంటే మిల్లీమీటరుకు 800 అడుగులు. "2 మిల్లీమీటర్లు దిగు" అని ఆజ్ఞ ఇస్తే అది 1,600 అడుగులు లెక్కపెట్టుకుని దిగుతుంది. ఎక్కడినుంచి? మనం "ఇదే సున్న" అని చూపించిన చోటినుంచి. ఆ చూపించడంలో పొరపాటు జరిగితే దానికేం తెలుస్తుంది? పాపం, ఎంతో నమ్మకంగా తప్పు చేస్తుంది.

ఇక కథలోకి వద్దాం.

మా మనవడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాళ్ళ బడిలో గంట కొట్టే తాత ఆ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నాడు. వాళ్ళ నాన్నలు చదువుకున్నప్పుడు కూడా ఆ బడిలో గంట కొట్టింది ఆయనే. పిల్లలంతా కలిసి ఆయనకు ఏదైనా ఇవ్వాలనుకున్నారు. బజారులో కొన్న శాలువకంటె, ఇంటి గుమ్మం మీద పెట్టుకునే పేరు పలక అయితే బాగుంటుందని మావాడు అన్నాడు. "మా ఇంట్లో యంత్రం ఉంది, నేను చేసి తెస్తాను" అని మాట కూడా ఇచ్చి వచ్చాడు.

పలకకు మంచి కర్ర కావాలి కదా! బొబ్బిలికి దగ్గరలోనే గొల్లపల్లి ఉంది. పేరుపడ్డ బొబ్బిలి వీణలు తయారయ్యేది అక్కడే. పనస మానును తొలిచి, బుర్ర, దండి అన్నీ ఒకే కర్రలోంచి తీసే ఏకాండి వీణలు వాళ్ళ పనితనానికి గుర్తు. నా దగ్గర చదువుకున్న ఒకతను అక్కడ వీణల పని చేస్తున్నాడు. గంట తాత కోసం అని చెప్పగానే, వీణ పోగా మిగిలిన పనస పలక ఒకటి తెచ్చి మావాడి చేతిలో పెట్టాడు. 20 మిల్లీమీటర్ల మందం. చక్కగా ఆరి, పసుపు రంగు తిరిగిన కర్ర.

"ఇలాటిది నా కాడ ఇదొక్కటే ఉంది మేస్టారూ" అన్నాడు. "జాగర్తగా చెక్కించండి. తక్కువ తీత్తే మళ్ళీ తీసుకోవచ్చు. ఎక్కువ తీసేత్తే మరేటీ చెయ్యలేం. పోయిన కర్ర పొట్టయిపోద్ది గానీ మళ్ళీ కర్రవదు."

ఆ మాట గుర్తుపెట్టుకోండి. మట్టితో బొమ్మ చేసేవాడు తప్పు చేస్తే మళ్ళీ మట్టి అద్దుతాడు. చెక్కేవాడికి ఆ వీలు లేదు.

మావాడు తెలివిగానే పని మొదలుపెట్టాడు. పనస పలక జోలికి పోకుండా ముందు ఒక మామిడి చెక్క మీద చెక్కి చూశాడు. అక్షరాలు 2 మిల్లీమీటర్ల లోతు రావాలి. తీరా చూస్తే పాతర తవ్వినట్టు వచ్చాయి! అంచులు చిట్లిపోయాయి. గుండ్రని అక్షరాల నడిమి ముక్కలు ఊడి బల్ల మీద పడ్డాయి.

"ఆదరాబాదరాగా చేసి ఉంటావు" అన్నాను నేను పడక కుర్చీలోంచి లేవకుండానే.

"లేదు తాతా, నాన్న నేర్పినట్టే చేశాను."

"అయితే యంత్రం తప్పు చేసిందా? యంత్రాలు తప్పు చేయవురా, మనుషులే చేస్తారు."

వాడు మాట్లాడలేదు. ఇంకో మామిడి చెక్క బిగించి, ఈసారి ప్రతి పనీ నెమ్మదిగా, నాకు వినపడేలా పైకి చెప్పుకుంటూ చేశాడు. మళ్ళీ అదే లోతు. అవే ముక్కలు ఊడిపడ్డాయి. నేను మళ్ళీ గట్టిగానే కోప్పడ్డాను. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యంత్రం స్విచ్చి ఆపేసి, "బడిలో నా వల్ల కాదని చెప్పేస్తాను" అన్నాడు.

అప్పుడు నాలోని పాత బడిపంతులు మేలుకున్నాడు. అజాగ్రత్తవల్ల వచ్చే తప్పు ఒకసారి ఇటు పోతుంది, ఒకసారి అటు పోతుంది. రెండుసార్లూ ఒకే కొలతలో రాదు. ఒకే తప్పు ఒకే కొలతలో రెండుసార్లు వచ్చిందంటే, దానికి ఎక్కడో ఒక కారణం కూర్చుని ఉందన్నమాట! లేచి వెళ్ళి వెర్నియర్ కాలిపర్స్ తెచ్చాను. దాని తోక పుల్లతో లోతు కొలవవచ్చు. మొదటి చెక్కలో నాలుగు చోట్ల కొలిచాం. నాలుగు చోట్లా 5 మిల్లీమీటర్లు. రెండో చెక్కలోనూ 5. కావలసింది 2. తేడా సరిగ్గా 3.

పిల్లలూ, జ్వరం వస్తే వైద్యుడు ఏం అడుగుతాడు? "రోజంతా ఉంటోందా, సాయంత్రాలు వస్తోందా, రోజు విడిచి రోజు వస్తోందా?" అని అడుగుతాడు. జ్వరం వచ్చే తీరునుబట్టి రోగం ఊహిస్తాడు. యంత్రం ఎత్తు తప్పినా అంతే. ఎంత తప్పిందని మాత్రమే కాదు, ఏ తీరుగా తప్పిందని అడగాలి.

తప్పు అన్ని చోట్లా ఒకేలాగా ఉంటే, సున్న పెట్టడంలోనే లోపం ఉంది. పని జరిగేకొద్దీ పెరుగుతూ పోతే, ఏదో జారుతోంది. బల్ల మీద ఒక వైపు మాత్రమే ఉంటే, అడుగు సమంగా లేదు. బిట్ మార్చిన తరువాత మొదలైతే, కొత్త బిట్ పొడుగు వేరు. బిట్ మార్చిన ప్రతిసారీ సున్న మళ్ళీ పెట్టవలసిందే. ఒక్కొక్కసారి ఒక్కొక్క రకంగా ఉంటే, తీగ వదులుగా ఉందో, పొట్టు అడ్డుపడిందో చూసుకోవాలి.

మాది మొదటి రకం. అన్ని చోట్లా 3. కాబట్టి సున్న పెట్టే పద్ధతినే పరీక్షించాం.

సున్న పెట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది కాగితం దారి. చెక్క మీద ఒక కాగితం పరచి, స్పిండిల్ ఆపి ఉంచి, బిట్‌ను కొంచెం కొంచెంగా దించుతారు. కాగితాన్ని అటూ ఇటూ జరుపుతూ ఉంటే, ఒక చోట అది బిట్ కింద పట్టుకున్నట్టవుతుంది. అప్పుడు బిట్ కొన చెక్కకు కాగితమంత ఎత్తులో ఉందన్నమాట. కాగితం మందం ఎంత? మీరే కనుక్కోవచ్చు. మీ నోటు పుస్తకంలో 100 కాగితాలు గట్టిగా అదిమిపట్టి స్కేలుతో కొలిచి, 100తో భాగించండి. ఇంచుమించు మిల్లీమీటరులో పదోవంతు వస్తుంది.

రెండవది ప్లేటు దారి. చెక్క మీద ఒక అల్యూమినియం ప్లేటు పెడతారు. దానికి ఒక తీగ ఉంటుంది. ఇంకో తీగను క్లిప్పుతో బిట్‌కు తగిలిస్తారు. బిట్ మెల్లగా దిగివచ్చి ప్లేటును తాకగానే విద్యుత్తు పారుతుంది. యంత్రం ఆగి, "తాకాను" అంటుంది. అది తాకినది చెక్కను కాదు, ప్లేటును. అందుచేత ప్లేటు మందం ఎంతో ముందే దానికి చెప్పి ఉంచాలి. ఆ మందం లెక్కలోకి తీసుకుని సున్న చెక్క మీదికి తెచ్చుకుంటుంది.

"ప్లేటు మందం ఎంతని చెప్పి ఉందిరా?" అని అడిగాను.

వాడు కంప్యూటరులో చూసి, "15 మిల్లీమీటర్లు తాతా" అన్నాడు.

"అది కొలిచావా?"

"నాన్న కొలిచే పెట్టాడు."

"అయినా మనం ఒకసారి కొలుద్దాం."

కాలిపర్స్ బిగించి చూశాం. 12!

ఇప్పుడు మీరు కాగితం మీద బొమ్మ వేసుకోండి. బిట్ ప్లేటును తాకినప్పుడు చెక్కకు నిజంగా 12 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. యంత్రం మాత్రం 15 ఎత్తులో ఉన్నాననుకుంది. సున్న కోసం 15 దిగితే ఎక్కడికి పోతుంది? చెక్క పైభాగంకంటె 3 కిందికి. అక్కడినుంచి ఇంకో 2 చెక్కింది. 3, 2 కలిపితే 5. లెక్క సరిపోయింది!

మావాడు ఎగిరి గంతేశాడు. నేను మాత్రం గంతేయలేదు. ఎందుకో చెబుతాను. అది యంత్రంతో వచ్చిన ప్లేటు కాదు. కొన్నాళ్ళ కిందట నా పుస్తకాల అలమారా ఒక కాలు ఊగుతూ ఉంటే, వరండాలో చేతికి దొరికిన ఒక చదునైన ముక్క తీసి దాని కింద పెట్టాను. మావాడు ప్లేటు కనబడటం లేదని వెతుకుతూ ఉంటే, పాత సామాన్లలోంచి ఇంకో అల్యూమినియం ముక్క తీసి, "ఇదీ అలాంటిదే, తీగ దీనికి తగిలించుకో" అని ఇచ్చింది నేనే. చూడడానికి రెండూ ఒకటే. మందంలో 3 మిల్లీమీటర్లు తేడా.

వెళ్ళి అలమారా కాలి కింద ముక్క లాగి కొలిచాను. సరిగ్గా 15.

"తప్పు నీది కాదురా, నాది" అన్నాను. "యంత్రాలు తప్పు చేయవు, మనుషులే చేస్తారన్నాను. ఆ మనిషిని నేనే."

వాడు కాసేపు ఆలోచించి, "తాతా, నువ్వు కూడా సున్న తప్పుచోట పెట్టుకున్నావు. ముందే నాది తప్పని పెట్టుకుని అక్కడినుంచి కొలిచావు" అన్నాడు.

నేనింక ఏమంటాను? బడిలో నేను ఇలా ఎందరి లెక్కలు తప్పుగా కొలిచానో అని ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మరునాడు అసలు ప్లేటు పెట్టి పని మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి నేను పడక కుర్చీలో కూర్చోలేదు. చెక్కడానికి ముందు వాడిని ఒక ప్రశ్న అడిగాను. "కంప్యూటరులో నువ్వు గీసిన బొమ్మకు సున్న ఎక్కడ ఉంది? చెక్క పైనా, చెక్క అడుగునా?"

ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. బొమ్మ గీసేటప్పుడు సున్నను ఈ రెండింటిలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. యంత్రం మీద కూడా అక్కడే పెట్టాలి. బొమ్మలో సున్న చెక్క పైన ఉండి, యంత్రం మీద సున్న అడుగు బల్లను తాకించి పెట్టామనుకోండి. "సున్నకు 2 కిందికి పో" అనగానే బిట్ 20 మిల్లీమీటర్ల పలకనంతా దాటి, అడుగు బల్లలోకి 2 దిగడానికి చూస్తుంది. బిట్ విరగవచ్చు కూడా. దానికి వ్యతిరేకంగా, బొమ్మలో సున్న అడుగున ఉండి యంత్రం మీద పైన పెడితే, బిట్ చెక్కకు 18 మిల్లీమీటర్ల పైన గాలిని చెక్కుతూ తిరుగుతుంది. రెండు సున్నలూ మంచివే. వచ్చిన చిక్కల్లా ఇద్దరూ ఒకే సున్న అనుకోకపోవడంలో ఉంది.

ఇది చిన్న యంత్రానికే కాదు, దేశానికంతటికీ ఉన్న చిక్కే. మీరు విజయనగరం స్టేషనులోనో, శ్రీకాకుళం రోడ్ స్టేషనులోనో ప్లాట్‌ఫారం చివర ఉండే పసుపుపచ్చ పెద్ద బోర్డు చూసే ఉంటారు. ఊరి పేరు కింద సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో చాలా స్టేషన్లలో రాసి ఉంటుంది. మరి సముద్రం ఒక్కచోట నిలబడుతుందా? పోటు వస్తే పైకి, పాటు వస్తే కిందికి. కొలిచే సమయాన్నిబట్టి సున్న మారిపోతే ఎలా? అందుకని సర్వేవారు రేవుల్లో ఏళ్ళ తరబడి నీటి ఎత్తులు రాసి, వాటి సగటు తీశారు. అలా 9 రేవుల సగటు మట్టాలను ఆధారం చేసుకుని, 1909లో దేశమంతటి ఎత్తులకు ఒకే సున్న కుదిర్చారు. ఆ తొమ్మిదింటిలో మన విశాఖపట్నం ఒకటి. బొబ్బిలి ఎత్తు అన్నా, ఢిల్లీ ఎత్తు అన్నా, ఇద్దరూ ఒకే సున్న అనుకున్నారు గనుకనే ఆ అంకెలను పోల్చి చూడగలుగుతున్నాం.

మావాడి బొమ్మలో సున్న చెక్క పైన ఉంది. యంత్రం మీదా అక్కడే పెట్టాడు. మూడో మామిడి చెక్క చెక్కించాం. కొలిస్తే ఎడమ చివర 2.0. భేష్! కుడి చివర 2.6. మళ్ళీ చిక్కు!

ఈసారి తీరు వేరు. అయితే ఒక సందేహం. తెలుగు ఎడమనుంచి కుడికి రాస్తాం కదా, యంత్రం కూడా ఎడమ అక్షరం ముందు, కుడి అక్షరం చివర చెక్కింది. మరి కుడి వైపున లోతు ఎక్కువ రావడానికి కారణం చోటా, సమయమా? అడుగు సమంగా లేకపోయినా ఇలాగే ఉంటుంది. బిట్ కొంచెం కొంచెంగా కిందికి జారుతూ వచ్చినా ఇలాగే ఉంటుంది. ఎలా తేలుస్తారు? చదవడం ఆపి ఒక్క నిమిషం ఆలోచించండి.

మావాడే ఉపాయం చెప్పాడు. "ముందు కుడివైపు ఒక గీత, తరువాత ఎడమవైపు ఒక గీత గీద్దాం తాతా. చోటు తప్పయితే కుడి గీతే లోతుగా వస్తుంది. జారడం తప్పయితే ఎడమ గీత లోతుగా వస్తుంది."

అలాగే చేశాం. కుడి గీతే లోతుగా వచ్చింది. అంటే తప్పు చోటుది. చెక్క విప్పి చూస్తే, కుడి చివర అడుగున నిన్నటి చెక్కపొట్టు బిళ్ళలాగా అణిగిపోయి ఉంది! అది చెక్కను ఆ వైపు 0.6 మిల్లీమీటర్లు ఎత్తింది. చెక్క పైకి లేచిందిగాని యంత్రం సున్న లేవలేదు. అందుకే అక్కడ లోతు పెరిగింది. బ్రష్షుతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ బిగించి గీస్తే రెండు చివర్లా 2.0 వచ్చింది. తుడిచినా తేడా పోకపోతే, చెక్క వంకర పోయిందో, అడుగు బల్ల వాలుగా ఉందో చూడాలి. చెక్కను చివరలు మార్చి పెట్టి మళ్ళీ గీయాలి. లోతు చెక్కతోపాటు తిరిగితే తప్పు చెక్కది; యంత్రంలో అదే వైపున ఉండిపోతే తప్పు బల్లది.

ఒకవేళ తప్పు జారడంలో ఉంటే ఏం చేయాలో కూడా చెబుతాను. బిట్‌ను పట్టుకునే పిడిని కాలెట్ అంటారు. అది వదులైతే, చెక్కేటప్పుడు చెక్క బిట్‌ను కిందికి లాగుతుంది. కాలెట్ అంచు దగ్గర బిట్ మీద పెన్నుతో చిన్న గీత పెట్టుకోండి. పని అయ్యాక ఆ గీత కిందికి దిగి ఉంటే దొంగ దొరికినట్టే. గీత కదలకపోయినా లోతు మారుతోందంటే, మోటారు అడుగులు తప్పుతోందేమో చూడాలి. ఆ మోటారు వెనక్కి తిరిగి చూసుకోదు. అడుగు పడకపోయినా పడిందనే లెక్కవేస్తుంది. బిట్‌ను కాగితం పట్టే ఎత్తుకు తెచ్చి, 20 మిల్లీమీటర్లు పైకెత్తి, మళ్ళీ 20 దించండి. ఇలా పదిసార్లు చేయించండి. చివర కాగితం మొదటిలాగే పడితే మోటారు మంచిదే. లేకపోతే, మరీ వేగంగా నడుపుతున్నామేమో, మోటారును మరసీలకు కలిపే చోట మర వదులైందేమో, సీల మీద పొట్టు పట్టిందేమో ఒకదాని తరువాత ఒకటి చూడాలి.

ఒకదాని తరువాత ఒకటి! ఇది మరచిపోకండి. ఒకేసారి నాలుగు మార్చితే, బాగుపడినా ఏది మార్చినందుకు బాగుపడిందో తెలియదు. రేపు మళ్ళీ అదే చిక్కు వస్తుంది.

అన్నీ సరిచూసుకున్నాక పనస పలక బిగించాం. మావాడు ప్లేటును చేత్తో పైకెత్తి బిట్‌కు తాకించి చూశాడు. కంప్యూటరులో గుర్తు వెలిగింది. అంటే తీగలు సరిగా ఉన్నాయన్నమాట. క్లిప్పు తగిలించడం మరచిపోతే, ప్లేటు తగిలిన సంగతి యంత్రానికి తెలియక బిట్‌ను ప్లేటులోకి గుచ్చేస్తుంది. అందుకే ఈ పరీక్ష. సున్న పెట్టాక ప్లేటు, క్లిప్పు తీసేశాడు. కళ్ళకు అద్దాలు పెట్టుకున్నాడు. స్విచ్చి నొక్కేముందు నా ముఖంలోకి చూశాడు.

"ముందు అర మిల్లీమీటరే చెక్కించు" అన్నాను. వీణల అతని మాట నాకు జ్ఞాపకం ఉంది. తక్కువ తీస్తే మళ్ళీ తీసుకోవచ్చు. అర మిల్లీమీటరు చెక్కి, ఆపి, కొలిచాం. అన్ని చోట్లా సరిగ్గా వచ్చింది. తరువాత తక్కినది నాలుగు దఫాలుగా 2 వరకు చెక్కించాం. పసుపుపచ్చని కర్రలో గంట తాత పేరు నిండుగా, ఒకే లోతున వచ్చింది. ఒక్క ముక్క ఊడలేదు.

దారిలో గొల్లపల్లి వెళ్ళి వీణల అతనికి పలక చూపించాం. అతను బొటనవేలితో అక్షరాల అడుగు తడిమి, "బాగుంది బాబూ, ఎక్కడా ఎచ్చుతగ్గులు లేవు" అన్నాడు. అప్పుడే ఒక వీణ బుర్ర తొలుస్తున్నాడు. మధ్య మధ్య ఉలి ఆపి, బయటినుంచి వేలితో తట్టి వింటున్నాడు. మావాడు ఆశ్చర్యపోయి, "మీకు సున్న అక్కర్లేదా?" అని అడిగాడు. అతను నవ్వి, "నాకూ ఉంది. నా చేయి కొలుత్తాది, చెవి సరిచూత్తాది. రెండూ ఒప్పుకున్నాకే ఉలి ఏత్తాను" అన్నాడు.

ఆఖరి రోజున గంట తాత పలక అందుకుని, చంకలో పెట్టుకునే సాయంత్రం గంట కొట్టాడట. మావాడు చెప్పాడు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇలాంటి యంత్రం ఇంట్లో ఉంటే పెద్దవారు పక్కన లేకుండా పిల్లలను దాని దగ్గరికి పోనివ్వకండి. బిట్ తిరుగుతూ ఉండగా చేయి పెట్టకూడదు. బిట్ మార్చేటప్పుడు ప్లగ్గు తీసేయాలి. కంటి అద్దాలు తప్పనిసరి. ఇంకొక మాట. పిల్లవాడి పని చెడినప్పుడు ముందు కాలిపర్స్ తీయండి, కోపం తరువాత తీయవచ్చు. కొలిచి చూశాక చాలాసార్లు దానితో పని ఉండదు.

మా ఇంట్లో ఆ 15 మిల్లీమీటర్ల ప్లేటును ఇప్పుడు దారంతో యంత్రానికే కట్టేశాం. 12 ముక్క నా అలమారా కాలి కింద ఉంది. అలమారా కొంచెం ఊగుతుంది, అయినా ఫరవాలేదు.

ఇక ఈ నెల ప్రశ్న. యంత్రానికి ప్లేటు మందం 15 అని చెప్పి ఉంది. కాని పెట్టిన ప్లేటు నిజంగా 16 మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్ల లోతు చెక్కమంటే ఎంత లోతు వస్తుంది? అదే ప్లేటు 18 అయితే ఏమవుతుంది? బొమ్మ వేసి, కారణం రాసి పంపండి. ఉత్తి అంకె మాత్రం పంపకండి. ఎక్కడినుంచి కొలిచారో కూడా రాయండి.

మళ్ళీ వచ్చే నెల కలుసుకుందాం.